అరవై ఆరు

సింధూరకి ఉస్తాద్ మీద ఉన్న కోపమల్లా ఒక్కటే. ఎంత పని చేసి చూపించినా ఆయన మెచ్చుకోడు. పోనీ తప్పు పడతాడా అంటే అదీ లేదు. "విప్పావా?" అని అడుగుతాడు.

"ఇరవై ఏళ్ళుగా తెరుచుకోని ఆట తెరిచాను ఉస్తాద్!" అంటే, "పెట్టె విప్పావా?"

"మూగపోయిన ఆటకి పాట రప్పించాను, వినండి" అంటే, "విప్పావా?"

మనిషికి ఒళ్ళు మండదూ! వచ్చి రెండేళ్ళవుతోంది. బీటెక్ చదివి, విజయవాడలో ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం వదిలేసి, ఇంట్లో అందరిచేతా చీవాట్లు తిని మరీ ఈయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. ఒక్క శభాష్ అంటే ఆయన సొమ్మేం పోయింది?

ఉస్తాద్ అసలు పేరు జిలానీ. గుంటూరు అరండల్‌పేటలో ఒక మందుల షాపు మీద రెండు గదులు ఆయనవి. అరవై మూడేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆటల పార్లర్లలో బిళ్ళ వేసి ఆడే పెద్ద పెద్ద పెట్టెలు బాగుచేశాడు. పార్లర్లు మూతపడ్డాక ఈ పనిలోకి దిగాడు. చిన్నప్పుడు ఆడుకున్న కంప్యూటర్ ఆటలు పట్టుకుని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పాత ఫ్లాపీలు తెస్తారు, చచ్చిపోయిన మిషన్లు మోసుకొస్తారు. "మా కొత్త ల్యాప్‌టాప్‌లో ఇది ఆడేలా చెయ్యండి ఉస్తాద్" అంటారు. ఆయన చేసి ఇస్తాడు. ఆయన చేసి ఇచ్చినదాన్ని ఇంతవరకూ ఒక్కరు కూడా వెనక్కి తేలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, సింధూర ఉద్యోగం వదులుకుని వచ్చింది ఆ మాట విన్నందుకే.

ఈ పనిలో చిక్కేమిటంటే, ఆ కాలపు ఆటలు చాలావాటికి సొంత గడియారం ఉండదు. మిషన్ ఎంత వేగంగా పరిగెడితే ఆటా అంతే వేగంగా పరిగెడుతుంది. ముప్పై ఏళ్ళ కిందటి ఆటని ఈనాటి ల్యాప్‌టాప్‌లో వేస్తే ఇలా కనపడి అలా అయిపోతుంది. మనం వేలు కదిపేలోగా 'ఓడిపోయావు' అని తెర మీద పడుతుంది. అందుకని కొత్త మిషన్ లోపల పాత మిషన్‌లాగా నటించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, దానికి పగ్గం వెయ్యాలి. ఎంత బిగించాలి, ఎంత వదలాలి అన్నదే విద్య.

ఆ విద్య మొత్తాన్నీ సింధూర ఒక చార్టు మీదికి ఎక్కించింది. పాత మిషన్ల వేగం చెప్పే నంబర్లన్నీ ఒక వరసలో, ఏ నంబరుకి పగ్గం ఎంత వెయ్యాలో పక్క వరసలో, రంగు పెన్నులతో రాసి గోడకి అంటించింది. నంబర్ చూడు, పగ్గం వెయ్యి, అయిపోయింది పని. ఎదురు షాపు వాళ్ళు వచ్చి ఫోన్లో ఫొటో తీసుకెళ్ళారు కూడా.

ఉస్తాద్ ఆ చార్టు ముందు కాసేపు నిలబడ్డాడు. "అక్షరాలు బాగున్నాయి" అన్నాడు.

అంతే! ఆ రోజు సింధూర మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

*

అలాంటి రోజుల్లో వసుంధర గారు వచ్చింది.

ముందు ఆటో అతను ఒక పాత కంప్యూటర్ పెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. వెనకాలే ఆవిడ, మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కింది. నలభై అయిదేళ్ళుంటాయి. చేతులు రెండూ వణుకుతున్నాయి. సింధూర కుర్చీ జరిపి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"సగమే పొయ్యి తల్లీ. నిండా పోస్తే మిగతా సగం నీ బల్లకి తాగిస్తాను" అంది ఆవిడ నవ్వుతూ. "భయపడకు, ఇది పుట్టుకతో వచ్చిన వణుకు. నాకంటే పెద్దది."

బాపట్లలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ట. వాళ్ళ నాన్న దక్షిణామూర్తి గారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో మెకానిక్‌గా చేసి పోయాడు. ఆవిడ తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన ఈ కంప్యూటర్ కొన్నాడు.

"మా వీధిలో మొదటి కంప్యూటర్ మాదే. అందులో ఒక ఆట ఉండేది. పేరేదో ఇంగ్లీషులో ఉండేదిలే, మేం బావుల ఆట అనేవాళ్ళం. నక్క పరిగెడుతుంటే దారిలో బావులు వస్తాయి. ఒక్కటే మీట. నొక్కితే నక్క ఎగురుతుంది. నొక్కకపోతే బావిలో పడుతుంది. అంతే ఆట."

ఆవిడ కాస్త ముందుకి జరిగింది.

"బళ్ళో ఆటల పీరియడ్ వస్తే నేను అందరి సంచులకీ కాపలా. తొక్కుడుబిళ్ళ ఆడనిచ్చేవాళ్ళు కాదు, పడిపోతానని. ఇంటికొచ్చాక మాత్రం చూడాలి నా సామిరంగా! వీధిలో పదిహేను మంది పిల్లలు మా వరండాలో లైను కట్టేవాళ్ళు. అందరూ ఇదే పెట్టె మీద, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. ఒక్కళ్ళు కూడా నన్ను కొట్టలేకపోయారు. ఒక్కళ్ళు!"

మూల బల్ల దగ్గర ఏదో అతుకు పెడుతున్న ఉస్తాద్ తలెత్తి ఓసారి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

"వచ్చే గురువారం నాన్న తిథి. ఒంగోల్లో తమ్ముడు ఆబ్దికం పెడతాడు. మంత్రాలూ పిండాలూ వాడివి. నా వంతుగా నేను ఆ పూట స్నానం చేసి వచ్చి ఒక ఆట ఆడతాను. పదకొండేళ్ళుగా అదే నేను చేసే ఆబ్దికం. నవ్వకు. పోయినేడు తొమ్మిది వందల నలభై వచ్చింది. ఈ ఏడు మాత్రం ఇది ప్రాణం విడిచింది."

సింధూర నవ్వలేదు. ప్లగ్ పెట్టి చూసింది. పెట్టె ముందు భాగంలో చిన్న గాజు కిటికీలో ఎర్రటి అంకెలు రెండు వెలిగాయి, అరవై ఆరు. తెర మాత్రం రాలేదు. లోపల బోర్డు పోయింది.

ఏం ఫర్వాలేదు. కావలసిన నంబర్ దొరికింది. ఆటేమో వసుంధర గారు గుడ్డసంచిలో భద్రంగా దాచి తెచ్చిన ఫ్లాపీలో ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కూడా ఆవిడే కొని తెచ్చింది.

"సోమవారం రండి మేడమ్. ఉన్నది ఉన్నట్టు దించేస్తాను" అంది సింధూర.

ఫ్లాపీకి బూజు పట్టింది. దూదీ స్పిరిట్టూ పెట్టి, పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచి, మూడు రోజులు తంటాలు పడి ఆటని బయటికి లాగింది. చార్టులో అరవై ఆరు ఎదురుగా ఉన్న పగ్గం చూసింది. వేసింది. నక్క జామ్మని పరిగెత్తింది.

"విప్పావా?" అన్నాడు ఉస్తాద్ ఆ మూల నుంచి.

"ఎందుకు ఉస్తాద్? ఆట ఫ్లాపీలో ఉంది, నంబర్ పెట్టె మీదే ఉంది. అందులో బోర్డు చచ్చిపోయింది. దుమ్ము తప్ప ఇంకేముంటుంది?"

ఆయన మళ్ళీ తన అతుకు పనిలోకి వంగాడు.

*

సోమవారం పదకొండు గంటలకల్లా వసుంధర గారు వచ్చింది. తెర మీద నక్కని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"అబ్బ, అదే నక్క! అదే తోక! చూశావూ, ఆట మొదలయ్యే ముందు నక్క తెర ఈ చివర్నుంచి ఆ చివరకి ఒకసారి నడిచిపోతుంది. అది వెళ్ళేలోగా నాన్న కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవాడు. నా ఆట చూడాలి కదా మరి! సరిగ్గా సరిపోయేది. ఇప్పుడేంటో, చెంగు పట్టుకునేలోపే వెళ్ళిపోయింది."

"ఆడండి మేడమ్" అంది సింధూర. మెచ్చుకోలు కోసం కాచుకుని ఉందేమో, ఆ మాటలు చెవిన పడ్డాయి కానీ లోపలికి పోలేదు.

ఆవిడ కుడిచెయ్యి మీట మీద పెట్టి, ఎడంచేత్తో మణికట్టు పట్టుకుంది. నక్క బయల్దేరింది. మొదటి బావి దాటింది. రెండోదీ దాటింది. మూడో బావిలో పడింది.

"చెయ్యి వేడెక్కాలి" అందావిడ.

మళ్ళీ ఆడింది. రెండో బావి. మళ్ళీ ఆడింది. మూడో బావి. నుదుటి మీద చెమట పట్టింది. బావి వస్తోందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. నొక్కాలని తెలుస్తూనే ఉంది. ఆ మాట వేలిదాకా చేరేసరికి నక్క బావిలో ఉంటోంది. పది ఆటలు ఆడినా నలభై దాటలేదు.

"కొంచెం తొందరగా పోతోందేమోనమ్మా?" అంది వసుంధర గారు మెల్లగా. "నాకలా అనిపిస్తోంది."

ఇంకోళ్ళయితే ఒక్క క్షణం ఆగేవాళ్ళు. సింధూర ఆగలేదు. తన పనినే అన్నట్టు తోచింది.

"లేదు మేడమ్. మీ పెట్టె మీద ఎంతుంది? అరవై ఆరు. నేనిక్కడ ఎంత పెట్టాను? అరవై ఆరు. కావాలంటే చార్టు చూడండి. మిషన్‌లో వెంట్రుకవాసి తేడా లేదు."

వసుంధర గారు చార్టు చూడలేదు. తన చేతులు చూసుకుంది.

"మిషన్‌లో లేదన్నమాట" అంది.

మళ్ళీ ఆవిడే అంది. "డాక్టరు పెరగదన్నాడు. పెరిగినట్టుంది. ఒక్క ఏడాదిలో ఇంతా? ఉద్యోగం మానేసి వచ్చెయ్ అక్కా, ఆ చేతులతో ఇంకెన్నాళ్ళు అని తమ్ముడు పోరుతూనే ఉన్నాడు. ఏటేటా ఈ ఆట ఆడి వాడికి ఫోన్ చేసేదాన్ని. ఒరేయ్, ఇదిగో ఇంత వచ్చింది, నా చేతులు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, నోర్మూసుకో అని."

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"సరే. గురువారం కానిచ్చేసి రాజీనామా ఉత్తరం రాసేస్తాను. నీ పని నువ్వు చక్కగా చేశావు తల్లీ. నీ తప్పేం లేదు."

టీ వచ్చింది. ఆవిడ తాగలేదు. ల్యాప్‌టాప్ తర్వాత పట్టుకెళ్తానని చెప్పి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కిన మనిషి, దిగేటప్పుడు మెట్లు చూడనే లేదు. ఆవిడ వీధిలోకి చేరేదాకా సింధూర పైనుంచి చూస్తూ నిలబడింది.

*

వెనక్కి వచ్చి కూర్చుంది. పనిలో తప్పు లేదు. అయినా చార్టులో అరవై ఆరు ఎదురుగా ఉన్న పగ్గం ఇంకోసారి సరిచూసుకుంది.

"ఉస్తాద్, నేనేం తప్పు చేశాను?"

ఆయన లేచి వచ్చాడు. పాత పెట్టెని రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు పెట్టాడు. స్క్రూడ్రైవర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి ఏమీ అడగలేదు.

సింధూర నాలుగు మరలూ తీసింది. పైమూత లేపింది. దుమ్ము ఉంటుందనుకుంది. పల్చటి పొర తప్ప దుమ్ము లేదు. ఆ పొర కింద, ఒకప్పుడు ఎవరో ఏటేటా బ్రష్షు పెట్టి దులిపినట్టు శుభ్రంగా ఉంది. తీగలన్నీ మైనం పట్టించిన దారంతో, అంగుళానికో ముడి చొప్పున, వరసగా కట్టి ఉన్నాయి.

"టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ముడి" అన్నాడు ఉస్తాద్, వేలు ఆ ముడుల మీదుగా పోనిచ్చి. "కేబుళ్ళు ఇలాగే కట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవరికీ రాదు." ఆయన గొంతులో అలాంటి గౌరవం సింధూర ఈ రెండేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

"ముందున్న బటన్ నొక్కు."

ఆ కాలం పెట్టెలకి ముందు ఒక బటన్ ఉండేది. నొక్కితే మిషన్ పూర్తి వేగంతో నడుస్తుంది, వదిలితే బాగా నెమ్మదిస్తుంది. సింధూరకి తెలుసు, చదివింది. నొక్కింది. కదల్లేదు.

"ఇరుక్కుపోయింది ఉస్తాద్."

"వెనక చూడు."

టార్చి వేసి చూసింది. బటన్ వెనక చిన్న అగ్గిపుల్ల ముక్క అడ్డంగా పెట్టి, చుట్టూ ఎం-సీల్ దట్టించి, పైన వేలితో నున్నగా నిమిరి ఉంది. ఆ నిమిరిన వేలిముద్ర కూడా చెక్కు చెదరకుండా ఉంది. ఇరుక్కుపోయింది కాదు. నొక్కడానికి వీల్లేకుండా ఎవరో కావాలని మూశారు. అంటే ఈ మిషన్ ఏనాడూ పూర్తి వేగంతో నడవలేదు. కొన్న కొత్తలో నడిచిందేమో, ఆ పిల్ల ఒక్కసారి ఓడిపోయేదాకా.

"మరి అరవై ఆరు?" అంది సింధూర. "నెమ్మదిగా నడిస్తే అంకెలు మారాలి కదా!"

ఉస్తాద్ అంకెల కిటికీ వెనక్కి వేలు చూపించాడు. అక్కడ రెండే తీగలున్నాయి, ఎర్రదీ నల్లదీ. అవి కరెంటువి. మిషన్ వేగం ఎంతో వచ్చి చెప్పాల్సిన మూడో తీగని ఊడదీసి, చుట్టచుట్టి, అదే మైనపు దారంతో ఓ పక్కన ముడేసి ఉంచారు. అంకెలు పెట్టే చిన్న పిన్నులు అరవై ఆరు దగ్గరే నిలిపేసి ఉన్నాయి. మిషన్ పరిగెత్తినా పాకినా ఆ కిటికీ అరవై ఆరు తప్ప ఇంకోటి చూపించలేదు.

సింధూర ఊడదీసిన ఆ తీగ చుట్టని వేలితో ముట్టుకుంది.

"కూతుర్ని మభ్యపెట్టాడా ఆయన? ఆవిడ గెలుపులన్నీ ఉత్తివేనా ఉస్తాద్?"

"వీధి పిల్లలు ఏ పెట్టె మీద ఆడారు?"

"దీని మీదే."

"వాళ్ళకి వేరే బటన్ ఉందా?"

లేదు. పదిహేను మందికీ ఇదే బటన్, ఇదే అగ్గిపుల్ల. అందరికీ ఒకటే వేగం. ఆ వేగంలో ఆవిడే అందరినీ కొట్టింది. గెలుపు గెలుపే. పక్కింటి గడుగ్గాయి ఎవడో 'మీ మిషన్ స్లో' అని వంక పెట్టకుండా ఆ ఎర్ర అంకెలు కాపలా కాశాయి. అంత ఆలోచన చేసి, అంత చక్కగా మూసి, ఆ మాట ఇంట్లో కూడా చెప్పకుండా పోయాడు మహానుభావుడు.

ముప్పై ఏళ్ళుగా ఆ మాట పెట్టెలోనే ఉంది. దాని పైమూత మీద చెయ్యి వేసి 'వెంట్రుకవాసి తేడా లేదు' అని చెప్పింది తను. ఆవిడ తొందరగా పోతోందమ్మా అంటుంటే వినిపించుకోలేదు. సింధూర ఫోన్ అందుకుంది.

"ఇప్పుడే ఫోన్ చేస్తాను. మిషన్ నెమ్మదిగా ఉండేదండీ, మీ చేతులకేం కాలేదు అని చెప్పేస్తాను."

ఉస్తాద్ ఫోన్ మీద చెయ్యి పెట్టాడు.

"విప్పమన్నది చూడటానికి, బేటీ."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. ఆ ఎం-సీల్ మీది వేలిముద్ర వైపు ఇంకోసారి చూశాక, ఆ తండ్రి మూసి దాచిన మాట చెప్పే హక్కు తనకి లేదని అర్థమైంది. ఫోన్ వదిలేసింది.

"అయితే కొత్త మిషన్‌కి పగ్గం ఎంత వెయ్యాలి? బోర్డు చచ్చిపోయింది, నడిపి చూడలేం. బటన్ వదిలితే ఇలాంటివి ఎనిమిదికి దిగుతాయి. ఎనిమిది ఎదురుగా ఎంతుందో..." అంటూ లేచి చార్టు దగ్గరికి వెళ్ళబోయింది.

ఉస్తాద్ చార్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆట పెట్టు" అన్నాడు.

పెట్టింది. తెర మీద నక్క నడక మొదలైంది. ఉస్తాద్ కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచు పట్టుకుని, ముందు కుడి అద్దం, తర్వాత ఎడమ అద్దం, పని మీద ఉన్న మనిషి తుడుచుకున్నట్టు నిదానంగా తుడిచాడు. పెట్టుకున్నాడు.

"నక్క ఏదీ?"

సింధూర తెల్లబోయి చూసింది. "ఎప్పుడో వెళ్ళిపోయింది."

"మళ్ళీ."

పగ్గం బిగించింది. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. అప్పటికీ నక్క ముందే పోయింది. ఇంకా బిగించింది. మరీ బిగిసింది, ఆయన కళ్ళజోడు పెట్టుకునేసరికి నక్క తెర మధ్యలోనే ఉంది. కొంచెం వదిలింది. ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో అయ్యాక, ఆయన కళ్ళజోడు ముక్కు మీద ఆనేసరికి నక్క తోక తెర చివర దాటింది.

"చాలు" అన్నాడు ఉస్తాద్.

ఆ వేగం చార్టులో ఎక్కడా లేదు.

ఆ తర్వాత ఆయన పాత పెట్టె ముందు భాగంలోంచి అంకెల కిటికీని, దాని రెండు తీగలతో సహా జాగ్రత్తగా తీశాడు. అగ్గిపుల్లని ముట్టుకోలేదు. మూత పెట్టి నాలుగు మరలూ బిగించాడు. ఒక చిన్న చెక్క ముక్కకి ఆ కిటికీని అమర్చి, ఎర్ర తీగా నల్ల తీగా ఒక యూఎస్‌బీ కేబుల్‌కి అతికి, ల్యాప్‌టాప్ పక్కన గుచ్చాడు. ఎర్రగా వెలిగింది, అరవై ఆరు.

"కరెంటు తప్ప దీనికి ఇంకేం అందదు కదా ఉస్తాద్" అంది సింధూర. "ఇది మిషన్‌కి కలపలేదు. ఉత్తి దీపం."

"అప్పుడు మాత్రం దేనికి కలిపి ఉంది?" అన్నాడు ఆయన.

*

బుధవారం ఉస్తాదే ఫోన్ చేసి పిలిచాడు. చిన్న పని మిగిలిందమ్మా, ఒక్కసారి రండి అన్నాడు. వసుంధర గారు వచ్చింది కానీ ఆవిడకి ఆశ లేదని మొహం చూస్తే తెలుస్తోంది. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళడానికి సంచి కూడా తెచ్చుకుంది.

"ఇదేంటి, ఇది మా పెట్టెది కదూ!" అంది ఎర్ర అంకెలు చూసి.

"మీ నాన్నగారిది. వదల్లేకపోయాం" అన్నాడు ఉస్తాద్.

ఆవిడ ఆ చెక్క మీద వేలు పెట్టి తడిమింది. కూర్చుంది. "ఎందుకు బాబూ, మళ్ళీ చూడ్డం" అని గొణిగింది. అయినా చెయ్యి మీట మీదికి పోయింది. రెండో చెయ్యి మణికట్టు పట్టుకుంది.

నక్క నడక మొదలైంది. వసుంధర గారి పెదాలు కొద్దిగా విడివడ్డాయి. పక్కన ఎవరో ఉన్నట్టు తల అటు తిప్పింది. నక్క తోక తెర దాటింది. ఆవిడ తల ఇటు తిప్పింది.

మొదటి బావి దాటింది. రెండు. మూడు. మూడోది, సోమవారం పడ్డ బావే. నక్క ఎగిరి అవతల పడింది. నాలుగు. ఏడు. పది. ఆవిడ భుజాలు వణుకుతున్నాయి, మోచేతులు వణుకుతున్నాయి, వేలు మాత్రం సమయానికి పడుతోంది. ఇరవయ్యో బావి దగ్గర వచ్చే జంట బావులు సింధూర తనే ఎప్పుడూ దాటలేదు. ఆవిడ నీళ్ళు తాగినంత సులువుగా దాటేసింది. "చిన్నప్పుడు ఇక్కడే పడేవాడు మా ఎదురింటి వెంకటప్పయ్య" అంది, కళ్ళు తెర మీంచి తిప్పకుండా.

ఉస్తాద్ వచ్చి వెనక నిలబడ్డాడు. పని వదిలి ఎవరి ఆటా చూడని మనిషి, చేతులు కట్టుకుని మొత్తం ఆట చూశాడు.

నక్క చివరికి పడింది. తొమ్మిది వందల అరవై.

వసుంధర గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపే చూస్తూ కూర్చుంది. ఏడుస్తోందని సింధూరకి కాసేపటికి తెలిసింది. ఆ ఏడుపులోనే నవ్వింది ఆవిడ.

"పోయినేటి మీద ఇరవై ఎక్కువే" అంది. "రేపు నాన్నకి ఇంతకంటే ఎక్కువ చూపిస్తాను. తమ్ముడికి ఫోన్ కూడా చేస్తాను. శుక్రవారం లైబ్రరీకి మూడు వందల కొత్త పుస్తకాలొస్తున్నాయి. ముద్రలన్నీ నేనే వెయ్యాలి."

చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, దాని పక్కన ఆ చెక్క ముక్క కూడా పెట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి సింధూరని చూసింది.

"అవునూ, సోమవారం పెట్టిందానికీ దీనికీ తేడా ఉంది తల్లీ. నాకు తెలుస్తోంది. ఈసారి ఎంత పెట్టావు?"

సింధూర నాలిక చివర నంబర్ ఉంది. అడిగితే చాలు, ఎవరికైనా ఠక్కున చెప్పే పిల్ల. గోడ మీద చార్టు ఉంది. మూల బల్ల మీద నాలుగు మరలూ బిగించిన పాత పెట్టె ఉంది.

"మీ నాన్నగారు ఎంత పెట్టారో అంతే పెట్టామండీ" అంది.

వసుంధర గారు సంచిలోంచి కొంచెం బయటికి కనపడుతున్న ఆ చెక్క ముక్క వైపు చూసింది. తర్వాత సింధూర మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపే చూసింది. తలూపి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్ళిపోయింది.

సింధూర వెనక్కి తిరిగింది. ఉస్తాద్ తన బల్ల దగ్గర లేడు. ఆమె బల్ల దగ్గర నిలబడి, వసుంధర గారు ఆడిన కుర్చీని ఆమె కోసం వెనక్కి జరిపి పట్టుకుని ఉన్నాడు.